ఆరెకరాల గుట్ట చేను: పవర్ టిల్లరా, మినీ ట్రాక్టరా, లేకుంటే మళ్ల ఎడ్లేనా?

కందిచేను (ఇంద్రవెల్లి దిక్కు)

అందరికి నమస్తే. పోస్టు జర పెద్దగయింది, ఓపికతోని చదువున్రి.

మాది ఇంద్రవెల్లి నుంచి నార్నూరు పోయే తొవ్వల, రోడ్డు దిగినంక కిలోమీటరు లోపల ఆరెకరాలు. ఒక్క తీరుగ ఉండదు. కింద వాగు పొంటి ఎకురం నల్లరేగడి, సాపుగనే ఉంటది. నడుమ మూడెకరాలు ఏటవాలు, నల్లమట్టే గానీ మూరెడు తవ్వితే మొరం తగుల్తది. పైన రెండెకరాలు గుట్ట పొట్టకు అతుక్కోని ఉంటయి. ఎర్రమట్టి, రాళ్లు, అక్కడక్కడ పాత మొద్దులు. నడుమల పత్తి, మధ్యమధ్యల కంది సాళ్లు. పైన జొన్న, కంది.

జోడెడ్లల ఒకటి పోయిన ఎండకాలం సచ్చిపోయింది. మిగిలినదానికి జోడు కలుస్తలేదు. పొలాల పండుగకు ఒక్కదానికే కొమ్ములకు రంగులేసి తిప్పినం, నాయిన ఆ పొద్దు బువ్వ సరిగ తినలే.

పోయినేడు 45 హెచ్‌పీ బండి కిరాయికి పిలిచిన. కింద, నడుమ దున్నిండు. పైన మూల మలుపుకాడ ఎగువ పక్క ఎనక చక్రం లేసింది. డ్రైవరు దిగి, "అన్నా, ఆ రెండెకరాల పైసలు నాకొద్దు, ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నరు" అని బండి తీస్కపోయిండు.

చేతుల మూడు లక్షల దాకా ఉన్నయి. బామ్మర్దేమో అప్పు జేసైనా 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు తీస్కో అంటడు. పక్క చేనాయన పవర్ టిల్లరు (ఎనక నడుసుకుంట తోలే రెండు చక్రాల బండి) సాలంటడు. నాయిన ఎద్దు సంగతి తప్ప వేరే మాట మాట్లాడడు. చేనుకు పోయే తొవ్వ ఏడడుగులు, నడుమల వాగు దాటాలె, దాటంగనే ఎక్కుడు. గుట్ట మీద ఎవుసం చేసేటోళ్లు చెప్పున్రి. సాపు పొలాలోళ్లు కూడ చెప్పొచ్చు, కాని సాపు పొలం అని ముందే రాయున్రి.

డీజిల్ పొగ (నిర్మల్)

తమ్మీ, ఇందుల చర్చ ఏముంది? 24 హెచ్‌పీ, నాలుగు చక్రాలు గుంజే బండి తీస్కో. కుబోటా బీ2441 ఉంది, మహీంద్రా జీవో 245 ఉంది. రెండూ 24 హెచ్‌పీనే, రెండూ ఫోర్ వీల్ డ్రైవే. నా దగ్గర ఇందుల ఒకటుంది, ఏదో చెప్ప, చెప్తే కంపెనీల లొల్లి మొదలయితది.

15 హెచ్‌పీ టూ వీల్ బండి మాత్రం తీస్కోకు. ఎక్కుడుకాడ ముందటి చక్రాలు తేలిపోతయి, స్టీరింగు నీ చేతులనే ఉంటది, బండి మాత్రం తిరగదు. ఫోర్ వీలయితే ముందల గూడ పట్టు దొరుకుతది. మినీ ట్రాక్టరుకు రోటవేటర్ (గిర్రున తిరిగే పళ్లతోని మట్టిని పొడి చేసేది) కట్టొచ్చు, కల్టివేటర్ కట్టొచ్చు, స్ప్రేయర్ కట్టొచ్చు, చిన్న ట్రాలీ ఏస్కోని పత్తి ఇంటికి తేవొచ్చు. టిల్లరు ఎనక రోజంతా నడిచి రాత్రి చేతులు వణుక్కుంట తినుడు మనకెందుకు? 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ గూడ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఇప్పుడు కొనకుంటే ఎప్పుడు కొంటవు?

మాది సాపు పొలం కాదు. అట్లని నీ అంత గుట్ట గూడ కాదు. నిజం చెప్పాలె గదా.

జోడెడ్లు (తిర్యాణి)

ఎద్దుకు జోడు తెచ్చుకో. ఆదిలాబాద్ జిల్లాల గుట్టల మీద ఇన్నేండ్లు ఎవుసం నడిచింది ఎడ్లతోనే. వాన పడ్డ మర్నాడు నల్లమట్టిల ఏ ఇంజన్ బండి దిగుతది? ఎడ్లు దిగుతయి. డౌర (సాళ్ల నడుమ కలుపు తీసే గుంటక) కొట్టాల్నంటే పత్తి మొక్క మోకాలు దాటినా సాలు నడుమకెల్లి పోతయి, ముట్టికి చిక్కం కడితే ఆకు గూడ ముట్టవు. మూల మలుపుకాడ తమ పొడుగంత జాగల తిరుగుతయి. రాయి తగిలితే ఆగుతయి. బండికి ఆగాల్నని తెల్వదు.

ట్రాక్టరు పేడ ఎయ్యదు అని ఒక మాట ఉంది, నవ్వకున్రి, పెంటకుప్ప లేకుంటే ఆ మొరం నేలల ఏం పండుతది?

డీజిల్ పొగ

దాదా, ఎడ్లకు ఏడాది పొడుగూత మేత, నీళ్లు, ఒక మనిషి. మంచి జోడు లక్షకు తక్కువ దొరుకుతలేదు. పిలగాండ్లు ఆదిలాబాద్ల చదువుకుంటుంటే ఎడ్లు ఎవరు కాయాలె?

జోడెడ్లు

నేను కాస్తున్న. నాకు 58.

పానా నంబర్ 17 (ఉట్నూరు)

నేను మెకానిక్ పని చేస్త. ట్రాక్టర్లు, టిల్లర్లు, వీడర్లు (సాళ్లల కలుపు తీసే చిన్న మిషిన్లు), వరి మిషిన్లు, అన్నీ నా షెడ్డుకు ఒస్తయి. అమ్మేటోని మాట ఒక తీరు ఉంటది, బాగుచేసేటోని మాట ఇంకో తీరు ఉంటది. నా మాట ఇనున్రి.

ఈ పంచాయితీల ఎవ్వరు అడగని ప్రశ్న ఒకటుంది: వాలు ఎంత? "ఏటవాలు" అంటే నాకేం తెలుస్తది? మేస్త్రీలు లెవెల్ చూసే సన్నపు పైపు తీస్కోని, నీళ్లు నింపి, వాలు పొంటి 30 అడుగుల దూరంల ఎంత దిగుతుందో కొలువు. 30 అడుగులకు 3 అడుగులు దిగితే నూటికి పది. అది పది శాతం, పది డిగ్రీలు కాదు. షోరూముల శాతాన్ని డిగ్రీ అని చెప్పి అమ్మేటోళ్లను చూసిన, డిగ్రీని శాతమనుకోని కొన్నోళ్లను గూడ చూసిన.

ఇగ బండ్ల సంగతి. మినీ ట్రాక్టరు చక్రాల నడుమ ఎడం తక్కువ, సాళ్లల పోవాలె గదా. ఎడం తక్కువయితే పక్కకు పడే గుణం ఎక్కువ. కాయితం మీద లెక్కేస్తే 35, 40 డిగ్రీల దాక పడదని ఒస్తది. చేను కాయితం కాదు. నువ్వు పది డిగ్రీల వాలుకు అడ్డంగ పోతున్నవనుకో. ఎగువ చక్రం బెత్తెడు రాయి ఎక్కింది, దిగువ చక్రం సాలుల దిగింది. మీటరు ఎడం బండికి అక్కడికక్కడ ఇంకో పన్నెండు డిగ్రీలు కలిసినయి. ఎనక రోటవేటర్ లేపి ఉంది, మలుపు తిప్పుతున్నవు, బరువు దిగువకు ఊగింది. కందిచేను తమ్ముడు చెప్పిన చక్రం లేసుడు గట్లనే అయింది. ఆ డ్రైవరు తెలివిగలోడు.

ఇంకో ముచ్చట. మీ చేన్ల మొద్దులున్నయి అన్నవు. మినీ ట్రాక్టరు కొన్నోళ్లు మొదటి వారంల చేసే పని ఏందంటే మొద్దుకు గొలుసు కట్టి గుంజుడు. గొలుసు కింద హుక్కుకు కడితే సరే. పైన టాప్ లింకుకు (ఎనక పనిముట్టును పట్టే పై కడ్డీకి) కడితే మొద్దు రాదు, బండి ముందల భాగం ఆకాశం చూస్తది, కన్ను మూసి తెరిచేలోపల మనిషి మీద పడ్తది. సీటు ఎనక ఇనుప కమాను, దానితోని పాటు బెల్టు, రెండూ లేని బండిని గుట్టకు ఎక్కియ్యకు. కమాను ఉండి బెల్టు పెట్టుకోకుంటే ఆ కమానే మనిషి మీద పడ్తది.

డీజిల్ పొగ అన్న టిల్లరును తీసేసిండు గానీ, టిల్లరు గురించి ఎవ్వరు చెప్పని సంగతి నేను చెప్త. టిల్లరు హ్యాండిల్ కింద ఎడమకొకటి, కుడికొకటి క్లచ్చు ఉంటది. సాపు నేలల ఎడమ క్లచ్చు వత్తితే ఎడమ చక్రానికి ఇంజన్ బలం ఆగుతది, కుడి చక్రం నూకుతది, బండి ఎడమకు తిరుగుతది. అందరికి తెలుసు. దిగుడుకాడ కథ ఉల్టా అయితది. అప్పుడు ఇంజన్ చక్రాలను నూకుతలేదు, పట్టి ఆపుతున్నది. ఎడమ క్లచ్చు వత్తితే ఎడమ చక్రం పట్టు ఇడిసి ఉరుకుతది, బండి కుడికి తిరుగుతది! గెట్టు కుడికి ఉంటే గెట్టు మీదికెల్లి బండి, దాని ఎనక మనిషి. నా షెడ్డుకు హ్యాండిల్ వంగి ఒచ్చిన టిల్లర్లల చానా మటుకు గిట్లనే ఒచ్చినయి. దిగుడుకాడ థ్రాటిల్ తగ్గించి, చిన్న గేర్ల, క్లచ్చు ముట్టకుంట హ్యాండిలును ఒంటితోని నూకి తిప్పాలె. న్యూట్రల్ల ఇడుసుడైతే ట్రాక్టరుకైనా, టిల్లరుకైనా పానం మీదికే.

ముందు కొలువు. కొలిచినంక మాట్లాడుదం.

పత్తిగింజ (మంచిర్యాల)

సాపు పొలం అని ముందే రాస్తున్న. యూట్యూబుల బ్రష్ కట్టరుకు వీడరు చక్రం తగిలించి చూపిస్తున్నరు, 15 వేలల అయిపోతది గదా?

పానా నంబర్ 17

పెరట్ల వంకాయ మడికి అయిపోతది.

వాగొడ్డు అక్క (తాడ్వాయి, ములుగు జిల్లా)

మగోళ్లందరు హెచ్‌పీలు మాట్లాడుతున్నరు. కలుపు ఎవరు తీస్తరు ఆ ఇంట్ల? అది చెప్పు తమ్ముడు ముందు.

మేము పదిమంది ఆడోళ్లం సంఘంగ ఒక 7 హెచ్‌పీ వీడరు, ఒక చిన్న టిల్లరు తీసుకున్నం. మిర్చి, పత్తి, కొంచెం కూరగాయలు. వీడరు బరువు ఎనభై తొంబై కిలోలు ఉంటది, సాపుల నడిపేటప్పుడు తెల్వదు. గెట్టు ఎక్కియ్యాల్నంటే ఇద్దరం గావాలె. తాడు గుంజి స్టార్ట్ చేసే బండి పొద్దున చల్లగున్నప్పుడు నాలుగైదుసార్లు గుంజిపిస్తది, భుజం పట్టేస్తది. మా సంఘంల ముగ్గురం నేర్చుకున్నం, మిగిలినోళ్లకు ఆ స్టార్టరు కాడనే ఇంట్రెస్టు పోయింది. స్విచ్చు స్టార్టరు ఉన్నది అడిగి తీసుకున్రి, బ్యాటరీ బరువయినా సరే.

ఎర్రమట్టిల వీడరు మస్తు పనిచేస్తది. నల్లమట్టిల వాన పడ్డ రెండు రోజుల దాక పళ్లకు మట్టి చుట్టుకోని లడ్డూలయితది. ఎండితె చెక్క లెక్క గట్టిపడి మిషిను ఎగిరెగిరి పడ్తది. నడుమ పదును ఉండేది మూడు నాలుగు రోజులే. ఆ మూడు నాలుగు రోజులల్ల మా పదిమందికి ఆ ఒక్క మిషిను ఒక్కసారే గావాలె. సంఘం బండి అంటే గదే లొల్లి. సగం రేటుకు కిరాయి గదా అని ఊకె చెప్పుతరు, సమయానికి దొరకని మిషిను ఏ రేటుకైనా పిరమే.

ఇంకోటి, రివర్స్ గేరు. ఎనకకు ఒచ్చేటప్పుడు పళ్లు తిరుగుడు ఆపకుంటే కాలు మీదికే ఒస్తది. చీర కొంగు బెల్టుల పడకుంట మేము చొక్కా, ప్యాంటు ఏసుకోనే నడుపుతం. మొదటి రోజు ఊరంత నవ్విన్రు. ఇప్పుడు నవ్వరు, కిరాయి అడుగుతరు.

కందిచేను

అక్కా, మా ఇంట్ల కలుపు అమ్మ, మా ఆమె తీస్తరు, మీద కైకిలోళ్లను పిలుస్తం. ఒప్పుకుంటున్న.

పానా అన్నా, కొలిచిన. నాయిన పైపు పట్టుకున్నడు. పైన రెండెకరాలు 30 అడుగులకు ఐదున్నర అడుగులు. మూల మలుపుకాడ ఇంకా ఎక్కువనే, ఏడు దాకా. నడుమ మూడెకరాలు రెండున్నర నుంచి మూడు. కింద ఎకురం ఒక్కడుగు లోపలనే.

లెక్కల సారు (హనుమకొండ)

నేను రిటైర్డ్ లెక్కల టీచరును. మా నాన్నది వర్ధన్నపేట దగ్గర చెల్క, కాబట్టి పూర్తిగా బయటివాణ్ణి కాను. కొలతలు వచ్చాయి కనుక లెక్క చేద్దాం.

ఐదున్నరను 30తో భాగిస్తే 18 శాతం పైచిలుకు, డిగ్రీల్లో సుమారు 10. మూల దగ్గర 23 శాతం, అంటే 13 డిగ్రీలు. పానా గారు చెప్పిన రాయి, సాలు కలిపితే ఆ మూలలో బండి 25 డిగ్రీలు ఒరుగుతుంది. నడుమ మూడెకరాలు 8 నుంచి 10 శాతం, డిగ్రీల్లో ఆరు మించదు.

ఇక నడక. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాన్ని యంత్రం పని వెడల్పుతో భాగిస్తే ఎంత దూరం తిరగాలో వస్తుంది. జానెడు కన్నా సన్నగా, 15 సెంటీమీటర్ల చాలు తీసే నాగలితో 27 కిలోమీటర్లు. 45 సెంటీమీటర్ల వీడరుతో 9 కిలోమీటర్లు. 60 సెంటీమీటర్ల టిల్లరుతో 6.7 కిలోమీటర్లు. మీటరు వెడల్పు రోటవేటరుతో 4 కిలోమీటర్లు, అదీ కూర్చుని. డీజిల్ పొగ గారి మాటలో నిజం ఉంది. ఆరెకరాలు టిల్లరుతో ఒక్క తడవ దున్నడానికే 40 కిలోమీటర్లు నడవాలి, వాలు మీద.

కాని డబ్బు లెక్క వేరే మాట చెబుతోంది. మినీ ట్రాక్టరు, రోటవేటరు కలిపి ఆరున్నర లక్షలు అనుకుందాం. పదేళ్లకు రెండు లక్షలకు అమ్ముడుపోయిందనుకుంటే ఏడాదికి 45 వేలు తరుగు. సగటున నాలుగుంబావు లక్షల మీద పది శాతం వడ్డీ, ఇంకో 42 వేల 500. బీమా, రిపేర్లు కలిపితే డీజిల్ పోయకుండానే ఏడాదికి లక్ష. ఆరెకరాలకు పంచితే ఎకరానికి 16 వేల పైన. అదే కిరాయి బండితో రెండు దున్నుళ్లు, ఒక రోటవేటరు కొట్టించినా ఎకరానికి నాలుగు వేలు దాటదు. బయట కిరాయికి తిప్పితే గంటకు ఖర్చులు పోను 550 మిగిలిందనుకున్నా, ఆ లక్ష రాబట్టడానికి ఏడాదికి 180 గంటలు తిప్పాలి. వడ్డీ రేటు, కిరాయి మీ ఊళ్లో వేరుగా ఉంటే అంకెలు మార్చి మళ్లీ వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

డీజిల్ పొగ

సారూ, 180 గంటలు కష్టమేం కాదు. నేను అంతకు మించే తిప్పుత. మిరుగం కార్తెల ఫోను ఆగదు.

లెక్కల సారు

ఆ ఫోను ఆగని రోజుల్లోనే మీ సొంత చేను కూడా దున్నాలి కదా. ముందు ఎవరిది దున్నుతారు?

డీజిల్ పొగ

...రాత్రి లైట్లేసుకోని నాది దున్నుకుంట.

పానా నంబర్ 17

గుట్ట మీద రాత్రి? అన్నా, ఈ ఒక్క మాట వెనక్కి తీసుకో. కందిచేను తమ్ముడు చదువుతున్నడు.

డీజిల్ పొగ

సరే, తీసుకున్న. మాది అంత గుట్ట కాదని ముందే చెప్పిన గదా.

మట్టిపిల్ల (జగిత్యాల)

నేను వ్యవసాయ కాలేజీల చదువుతున్న. ఒకటి అడగాల. ఇంతసేపు బండి పడకుంట ఎట్ల అని మాట్లాడిన్రు. మట్టి కొట్టుకపోకుంట ఎట్ల అని ఒక్కరు గూడ అడగలే.

వాలు పొంటి పైకి కిందికి దున్నితే ప్రతి సాలు ఒక కాలువ అయితది. ఆదిలాబాద్ దిక్కు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన, అది గూడ కుండపోత. నూటికి తొమ్మిది పది వాలుల రోటవేటరు కొట్టి మట్టిని పిండి చేసి, సాళ్లు కిందికి తీసి, మొదటి పెద్ద వాన పడితే మూరెడు మట్టిల ఎంత మిగుల్తది? మొరం పైకి తేలుడు గట్లనే మొదలయితది. రోటవేటరు ఏటేటా ఒకే లోతుల కొడితే కింద గట్టిపొర గూడ పడ్తది, నీళ్లు లోపలికి దిగవు, పైనుంచే ఉరుకుతయి. అందుకే వాలుకు అడ్డంగనే దున్నాలె, అడ్డంగనే ఇత్తాలె.

పానా నంబర్ 17

చెల్లే, నువ్వు చెప్పేది మట్టికి మంచిది. వాలుకు అడ్డంగ పోతేనే బండి పక్కకు పడ్తది. పైకి కిందికి పోతే బండికి భద్రం. నీ మాట ఇంటే మనిషికి ముప్పు, నా మాట ఇంటే మట్టికి ముప్పు. ఇద్దరం కరెక్టే చెప్తున్నం, అదే తిప్పలు.

మట్టిపిల్ల

అందుకే బండి కొనకముందు గట్లు కావాలె అంటున్న. నడుమ మూడెకరాలల్ల నల్లమట్టి కాబట్టి నీళ్లను ఆపే గట్టు కాదు, మెల్లగ పక్కకు తీసుకపోయే వాలు గట్లు పొయ్యాలె. నల్లమట్టిల నీళ్లు ఆపితే నిలిచి గట్టు తెగుతది. నీళ్లను ఆపే సమతల గట్టు ఎర్రమట్టిల, అది గూడ వాన తక్కువ పడే దిక్కయితే నడుస్తది. గట్టు మీద గడ్డి పెంచితే పశువుకు మేత. గట్టుకు గట్టుకు నడుమ నేల కొన్నేండ్లల దానంతట అదే కొంత సదునయితది, ఎందుకంటే దున్నినకొద్ది మట్టి కింది గట్టు కాడికి జరుగుతది. అప్పుడు అడ్డంగ పోయినా బండికి ఇంత ముప్పు ఉండదు.

పైన 18 శాతంల ఏటేటా దున్నుడే తప్పు అని నా అభిప్రాయం. సీతాఫలం పెట్టున్రి, మొక్క మొక్కకు గుంత తవ్వి, మిగిలిన జాగ దున్నకుంట. ఆ రెండెకరాల కోసం బండి కొనుడంటే ఏనుగు కోసం గొలుసు కొన్నట్టు కాదు, గొలుసు ఉందని ఏనుగును కొన్నట్టు.

జోడెడ్లు

బిడ్డా, ఆ రెండెకరాల జొన్న వాళ్ల ఇంట్ల గటుక, రొట్టె. సీతాఫలం తిని బతుకుతరా? నాలుగేండ్ల దాక అది గూడ రాదు.

మట్టిపిల్ల

ఒప్పుకుంట బాపు. ఒక ఎకురం పెట్టి, ఒక ఎకురం జొన్నకే ఉంచున్రి మరి. ఆ ఎకురం అయినా ఎద్దుతోనే.

కందిచేను

ఇంకో సంగతి చెప్పుడు మర్చిన. పైన రెండెకరాలు 2023ల ఒచ్చిన పోడు పట్టా (అడివి భూమి హక్కు పట్టా). కిందియి పాత పట్టా. దీనితోని లోనుకు ఏమన్న ఇబ్బంది ఉంటదా?

లెక్కల సారు

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు వెళుతుంది, అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. కాబట్టి దాన్ని తాకట్టు పెట్టే ఆలోచన వద్దు. కింది నాలుగెకరాల పట్టా తాకట్టు పెట్టి ట్రాక్టరు తేవడం అంటే ఉన్న మంచి భూమిని యంత్రానికి జామీను ఇవ్వడమే. ఆలోచించుకోండి. సబ్సిడీ మాత్రం అడగండి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా ఉంటుంది, ఒక్కో యంత్రానికి గరిష్ఠ మొత్తం వేరు. మంజూరు కాగితం చేతికి రాకముందే కొని తరవాత తిరగడం వృథా. మండల వ్యవసాయ అధికారిని కలిశాకే షోరూముకు వెళ్లండి.

వాగొడ్డు అక్క

మీ అమ్మ పేరు మీదనో, మీ ఆమె పేరు మీదనో దరఖాస్తు పెట్టు. నడిపేది గూడ ఆమెకు నేర్పియ్యి.

పానా నంబర్ 17

ఇగ నా తీర్పు చెప్త, ఎవ్వరు ఏమన్నా అనుకున్రి. కొన్నోళ్లందరు ఉన్న జాగల మంచి జాగ చూసి బండి కొంటరు. కింద ఎకురం చూసి 24 హెచ్‌పీ కొంటే అది పైకి ఎక్కదు. నేను మూల మలుపు చూసి చెప్తున్న. ఆ మూలకు మినీ ట్రాక్టరు వద్దు, టిల్లరు గూడ వద్దు. 13 హెచ్‌పీ టిల్లరు రోటరీతోని కలిపి నాలుగు వందల కిలోల పైన ఉంటది, 13 డిగ్రీల కాడ అది జారితే మనిషి ఆపలేడు. అక్కడ ఎద్దు లేకుంటే వీడరు, అంతే.

నడుమ మూడెకరాలకు దుక్కి ఏడాదికి ఒక్కసారి, రెండుసార్లు. అది కిరాయి బండికి ఇయ్యి. కల్టివేటరు స్ప్రింగు పళ్లది అడుగు, రాయి తగిలితే పన్ను ఎనకకు ఒంగి మళ్ల ఒస్తది, విరగదు. సాళ్లల పని మాత్రం ఏడాదిల నాలుగైదుసార్లు ఉంటది, అది సమయానికి గావాలె, అది సొంతం ఉండాలె. మూడడుగుల సాళ్లల మినీ ట్రాక్టరు దూరదు, దూరాల్నంటే నాలుగడుగులకు ఇత్తాలె, చివర తిరగనీకి రెండు దిక్కుల పదేసి అడుగులు ఇడిసిపెట్టాలె. గట్లు పోసినంక ప్రతి పట్టీకి ఆ పదడుగులు పోతయి. ఎంత నేల పోయిందో లెక్కల సారును అడుగు.

అంటే 7 హెచ్‌పీ డీజిల్ వీడరు, స్విచ్చు స్టార్టరుది, ఎనభై వేలు అటూ ఇటూ. మిగిలిన పైసలతోని గట్లు.

డీజిల్ పొగ

మెకానిక్కువి అయ్యుండి చిన్న బండి కొనమంటవేందన్నా, నీ షెడ్డు ఎట్ల నడవాలె?

నేనయితే ఇప్పటికి ఒప్పుకోను. వీడరుతోని మూడెకరాలు నాలుగుసార్లు అంటే సారు లెక్కల నూరు కిలోమీటర్లు దాటుతది. ఇప్పుడు తమ్ముడు వయసుల ఉన్నడు. పదేండ్లకు? నడుము పోయినంక ట్రాక్టరు కొంటవా? కైకిలోళ్లు ఏటేటా తగ్గుతున్నరు, కూలి పెరుగుతున్నది. పెద్ద బండి ఉన్నోడే ఎవుసంల మిగుల్తడు. గట్లు పోసినంక నడుమ మూడెకరాలు కొంత సదునయితయని ఆ చెల్లెనే చెప్పింది. అప్పుడు నా బండి అక్కడ తిరుగుతది, తిరగదా?

మట్టిపిల్ల

తిరుగుతది అన్నా. కాని ఎన్నేండ్లకు అంత సదునయితదో నేను చెప్పలే.

పానా నంబర్ 17

తిరుగుతది. అప్పుడు కొనుక్కోని. ఇప్పుడు కొన్న బండి అప్పటిదాకా నీడకు నిలబడాల్నా?

వాగొడ్డు అక్క

డీజిల్ వీడరు వణుకు ఎక్కువ. పెట్రోలుది తేలిక. ఆమె గూడ నడపాల్నంటే పెట్రోలే చూడున్రి. పానా అన్న షెడ్డుల కూసోని చెప్తున్నడు, రోజంతా పట్టుకోని నడిచేది మేము.

పానా నంబర్ 17

వణుకు సంగతి నిజమే అక్కా. ఖర్చు చూసి డీజిల్ అన్న. నల్లమట్టిల తక్కువ స్పీడుల గుంజే బలం డీజిల్‌కే ఉంటది. ఇద్దరు నడిపి చూసి వాళ్లే చెప్పాలె మరి.

కందిచేను

అందరికి శరణార్థి. నిన్న రాత్రి ఇదంత నాయినకు చదివి ఇనిపిచ్చిన. లెక్కల సారు 27 కిలోమీటర్లు అన్నకాడ ఆపి మళ్ల చదువుమన్నడు. "ఎకురానికి అంత నడిచిన్నా నేను" అని కొద్దిసేపు ఊకున్నడు. తర్వాత జోడెడ్లు బాపు తిర్యాణిల ఏ ఊరు అని అడిగిండు.

మినీ ట్రాక్టరు ఇప్పుడైతే తీస్కుంటలేను. బామ్మర్ది అలిగిండు. వీడరు కొనకముందు మా పక్కూరాయనది పెట్రోలుది, ఇంకొకాయనది డీజిల్‌ది, రెండూ ఒక పూట కిరాయికి తెస్తున్న, ఆదివారం. పైన మూలకాడ, నడుమల, రెండు జాగల పెట్టి చూస్త. మా ఆమె గూడ నడుపుత అన్నది. పానా అన్న ఒస్త అన్నడు, దిగుడుకాడ నిలబడుతడట.

మట్టిపిల్ల చెల్లే, గట్లకు వాలు ఎంత పెట్టాల్నో, గట్టుకు గట్టుకు ఎన్నడుగులు ఉండాల్నో ఒక్కసారి చెప్పు. పైపు మా దగ్గరనే ఉంది.

జోడెడ్లు

మీ నాయినకు చెప్పు, నా దగ్గర ఒక కోడె ఉంది. మూడేండ్లది, ఇంకా కాడి మొయ్యలే. మీ ఎద్దు ఎత్తెంత?